సేవ చేసేవారికి రెండు రోజుల ఆట

(సంఘ వార్షిక సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మన సహాయ కేంద్రంలో జీతం లేకుండా పనిచేస్తున్న పద్నాలుగు మందిని కార్తీకంలో ఒక శని, ఆదివారాలు సూర్యలంక తీసుకువెళ్ళి ఆటలాడించాలని కార్యవర్గం వారు తీర్మానం పెట్టారు. దాని మీద కిందటి సమావేశంలో పెద్ద చర్చే జరిగింది. "కాటికి కాళ్ళు చాచుకున్న వయసులో ఆటలేమిటి? చందా డబ్బు సముద్రంలో పోస్తారా?" అని ఒక సోదరుడు అడిగారు. అడగటంలో తప్పు లేదు. లెక్క అడిగేవాడు లేని సంఘం ఎక్కువ కాలం నిలవదు. జవాబు చెప్పమని కార్యదర్శి గారు నన్ను పురమాయించారు.

ఈ పద్నాలుగు మంది చేసే పని మీరందరూ ఎరిగినదే. వేలి గీతలు అరిగిపోయి యంత్రం మీద ముద్ర పడని వారికి జీవన ధ్రువపత్రం ఇప్పించడం, వైద్య ఖర్చుల బిల్లులు రాసిపెట్టడం, కుటుంబ పింఛను కాగితాలు నడిపించడం. భర్త పోయి పదకొండో రోజు కూడా దాటని ఇల్లాలు వచ్చి ఎదురుగా కూర్చుంటే, ఫారం నింపేది ఎక్కడ? ముందు ఆమె ఏడుపు వినాలి. ఈ సంవత్సరం ఇద్దరు రావడం మానేశారు. ఎవరితోనూ పేచీ లేదు. "ఇంటికి పోయి పడుకున్నా ఆ ఏడుపులే వినపడుతున్నాయండీ" అని వారిలో ఒకరు నాతో అన్నారు.

కిందటి ఏడాది నేను అమెరికాలో మా అమ్మాయి దగ్గర ఆరు నెలలున్నాను. సెప్టెంబరు మొదటి సోమవారం అక్కడ కార్మిక దినం సెలవు. శని ఆదివారాలతో కలిపి మూడు రోజులు. ఆదివారం పూట పిల్లలకు తెలుగు చెప్పేవారు, ఎవరైనా పోతే శవాన్ని స్వదేశం పంపే ఏర్పాట్లు చూసేవారు, అందరూ ఒక పార్కులో చేరి వాలీబాల్ ఆడుకున్నారు. ఆడవారికి త్రోబాల్. చేసేవన్నీ కంప్యూటరు ఉద్యోగాలు. సగం మందికి బంతి అందలేదు, కేకలు మాత్రం మన పల్నాటి కోడిపందేలకు తీసిపోవు.

మా అమ్మాయి ఇంటి పక్కన ఉండే అమెరికన్ పెద్దాయన కూడా చూడటానికి వచ్చాడు. ఆయన యువకుడుగా ఉండగా పీస్ కోర్ తరఫున ఆఫ్రికాలోని సెనెగల్ దేశంలో రెండేళ్ళు పనిచేశాడట. 1961లో కెనెడీ పెట్టిన స్వచ్ఛంద సేవకుల దళం అది. మన దేశానికి కూడా ఆ సంవత్సరమే వచ్చారు. కోళ్ళ పెంపకం, వ్యవసాయం, ఆరోగ్యం వంటి పనులు చేశారు. 1976తో ఇక్కడ వారి పని ముగిసింది.

సెనెగల్ సంగతి ఆయన చెప్పింది చెబుతాను. ఒక్కొక్క ఊరికి ఒక్కొక్కరే. నెలల తరబడి సొంత భాష మాట్లాడే మనిషి దొరకడు. కానీ సంవత్సరానికి ఒకసారి, ఫిబ్రవరి ప్రాంతంలో, రాజధాని డకార్ నగరంలో సాఫ్ట్‌బాల్ పోటీలు పెట్టేవారట. సాఫ్ట్‌బాల్ అంటే వారి బేస్‌బాల్‌కు తమ్ముడి వరస. సెనెగల్ వారే కాక గాంబియా, మాలి, మారిటేనియా దేశాల్లో పనిచేసే వాలంటీర్లు కూడా ఏడుగురు పట్టే పాత పెజో కార్లలో దుమ్ము కొట్టుకుని వచ్చేవారు. పగటి వేషగాళ్ళ మాదిరి ఒక్కో జట్టు ఒక్కో వేషం. బ్యాటు పట్టడం రాని వారికీ చోటుండేది. ఊళ్ళో కాపురమున్న అమెరికన్ కుటుంబాలు వారిని ఇళ్ళల్లో ఉంచుకునేవి. ఎవరు గెలిచారని అడిగాను. ఆయనకు గుర్తు లేదు. "కానీ నా పక్కన పడుకున్నవాడు తవ్వించిన బావిలో కూడా నీరు పడలేదని ఆ రాత్రే తెలిసింది. అంతవరకు ఆ చేతకానితనం నా ఒక్కడిదే అనుకున్నాను. మూటాముల్లె కట్టుకుని ఇంటికి పోదామని వచ్చినవాణ్ణి, తిరిగి ఊరికే పోయాను" అన్నాడు.

ముప్ఫై ఎనిమిదేళ్ళు గుమాస్తాగా చేసినవాణ్ణి, సెలవు నిబంధనలు చూడకుండా ఉండలేను. పీస్ కోర్ వారికి పనిచేసిన ప్రతి నెలకు 2 రోజుల సెలవు. ఐక్యరాజ్య సమితి వారైతే, యుద్ధాలూ కల్లోలాలూ ఉన్న చోట్ల పనిచేసే సిబ్బందిని కొన్ని వారాలకొకసారి 5 రోజులు ఆ చోటు విడిచి పొమ్మంటారు. అవి వార్షిక సెలవులో తగ్గించరు. మన క్యాజువల్ లీవు ఎలా మంజూరయ్యేదో మీకు తెలియనిది కాదు.

ఇంకొక ముచ్చట. వాలీబాల్‌ను 1895లో అమెరికాలోని హోల్యోక్ అనే ఊళ్ళో వై.ఎం.సి.ఏ.కు చెందిన విలియం మోర్గాన్ తయారుచేశాడు. అంతకు నాలుగేళ్ళ ముందే బాస్కెట్‌బాల్ పుట్టింది, కానీ ఆ పరుగులు నడివయసు వ్యాపారస్తులకు, ఆఫీసు వారికి కష్టంగా ఉండేవి. వారి కోసం పెట్టిన ఆట ఇది. అంటే మనబోటి వారి కోసమే. కుర్రాళ్ళు మధ్యలో వచ్చి లాక్కున్నారు.

అసలు నేను చెప్పదలచుకున్నది 1977 సంగతి. నవంబరు 19న ఉప్పెన వచ్చింది. పదివేల మంది వరకు పోయారు. దివిసీమ పేరే అందరూ చెబుతారు గాని మన రేపల్లె, బాపట్ల తీరం కూడా దెబ్బతిన్నది. నరసరావుపేట తాలూకా ఆఫీసులో ఉన్న నన్ను, మరి కొందరిని రేపల్లె వైపు డ్యూటీ వేశారు. ఇరవై రోజులు ఇంటి ముఖం చూడలేదు. పోయిన వారి పేర్లు, పోయిన పశువులు, కూలిన ఇళ్ళు, రాయడమే పని. చివరికి మాలో మేమే కసురుకునే స్థితికి వచ్చాము. ఒక సోదరుడు అన్నం ముందు కూర్చుని తినలేక లేచిపోయేవాడు.

మా పక్క ఊళ్ళో పరదేశపు వాలంటీర్లు ఏడెనిమిది మంది గుడారాలు వేసుకుని ఉండేవారు. సూదిమందులు వేసేవారు, బావుల్లో ఉప్పునీరు తోడించేవారు. ఒక ఆదివారం సాయంత్రం మిగిలిన రెండు తాడిచెట్లకు చేపల వల కట్టి వాలీబాల్ మొదలుపెట్టారు. "శవాలు తీసిన నేల మీద ఆటలా?" అని మాకందరికీ రోషం వచ్చింది. మా తాసిల్దారు గారు ఆపించడానికని జీపు దిగారు. ఊళ్ళో పిల్లలు అప్పటికే చుట్టూ చేరారు, నలుగురైదుగురు ఆటలోకి కూడా దిగారు. గట్టు మీద ఒక బెస్త ముసలమ్మ కూర్చుని ఉంది. కొడుకూ కోడలూ పోయారు, మనవడొక్కడే మిగిలాడు. "ఆడనియ్యండి బాబూ. ఇన్నాళ్ళకు పిల్లకాయలు ఏడవకుండా అరిచారు" అంది.

తాసిల్దారు గారు కాసేపు నిలబడి చూసి, ఏమీ అనకుండా జీపెక్కారు. మర్నాటి నుండి మమ్మల్ని ఇద్దరిద్దరి చొప్పున రెండేసి రోజులు ఇంటికి పోయి రమ్మన్నారు. అంతా నోటిమాట ఉత్తర్వే, కాగితం మీద లేదు. అన్నం మానేసిన సోదరుణ్ణి మొదటి జతలోనే పంపారు. ఆయన తిరిగి వచ్చి సంక్రాంతి దాకా అక్కడే పనిచేశాడు.

మనకు కార్తీక వనభోజనాలున్నాయి కదా అంటారు. ఉన్నాయి. ఈమధ్య అవి కూడా కులాల వారీ అయిపోయాయి, ఏ తోటలో ఏ కులమో బ్యానరు కట్టి మరీ చెబుతున్నారు. వల అవతల నుండి బంతి వచ్చేటప్పుడు ఎవరి కులం ఎవరికి గుర్తుంటుంది?

ఇక ఏర్పాట్లు. కార్తీక పౌర్ణమికి సూర్యలంకలో తీర్థ జనం, కాబట్టి ఆ తరువాతి వారం. మిరప కోతలకు అప్పటికింకా వ్యవధి ఉంటుంది. పత్తి తీతలున్నవారు ఆ రెండు రోజులకు ఎవరికైనా ఒప్పగించి రావాలి. బస్సు ఖర్చు మాత్రమే సంఘానిది, భోజనాలు ఎవరివి వారివే. లెక్క డిసెంబరు సంచికలో అచ్చు వేయిస్తాము. వాలీబాల్, రింగ్ టెన్నిస్, క్యారమ్స్, చదరంగం ఉంటాయి. సముద్రంలో మోకాలి లోతు దాటి ఎవరూ దిగరాదు. బి.పి., షుగరు మాత్రలు ఎవరివి వారు తెచ్చుకోవాలి. మానేసిన ఇద్దరి ఇళ్ళకు నేనే వెళ్ళి పిలిచాను. ఒకరు వస్తానన్నారు, రెండవవారు ఇంకా ఏమీ చెప్పలేదు.

వారు లేని ఆ రెండు రోజులు సహాయ కేంద్రం మూతపడకుండా కూర్చోవడానికి నలుగురు కావాలి. కిందటిసారి ప్రశ్న అడిగిన సోదరుడు తన పేరు ఇప్పటికే ఇచ్చారు. మిగిలిన ముగ్గురు కార్యదర్శి గారి దగ్గరున్న పుస్తకంలో రాయించండి. ఆటకు వచ్చేవారిలో మోకాళ్ళ నొప్పులున్న వారికి అంపైరు పోస్టులు ఖాళీగా ఉన్నాయి. సెలవు.