ఒక్కో పిల్లవాడు ఒక్కోలా నేర్చుకుంటాడా?

(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



మన సంఘం వారు బడికి ఒక మంచి పని తలపెట్టారు. ఆరో తరగతిలో చేరే ప్రతి పిల్లవాడికీ ఒక పరీక్ష పెట్టించి, వాడు చూసి నేర్చుకునే రకమా, విని నేర్చుకునే రకమా, చేసి నేర్చుకునే రకమా అని తేల్చి, దాన్ని బట్టి పాఠం చెప్పించాలన్నది ఆలోచన. దాని మీద నాలుగు మాటలు చెప్పమన్నారు. అందరికీ ఒకే మూసలో చెప్పకూడదన్న మీ తపన నాకు నచ్చింది. పరీక్ష మాత్రం నచ్చలేదు. ఎందుకో చెబుతాను. మాస్టారు చెప్పేటప్పుడు మధ్యలో లేవకూడదన్న పాత నియమం ఇంకా అమల్లో ఉందనే అనుకుంటున్నాను.

ఈ రకాల లెక్కల్లో బాగా పేరున్నది 'వార్క్' ప్రశ్నావళి. న్యూజిలాండ్‌కు చెందిన నీల్ ఫ్లెమింగ్ దీన్ని 1992లో ప్రచారంలోకి తెచ్చారు. చూడటం, వినడం, చదివి రాయడం, చేతులతో చేయడం అని అందులో నాలుగు తీర్లు. 2008లో హెరాల్డ్ పాష్లర్, మరో ముగ్గురు మనస్తత్వ శాస్త్రవేత్తలు ఈ విషయం మీద అప్పటిదాకా జరిగిన పరిశోధనలను జల్లెడపట్టారు. పిల్లవాడి తీరుకు సరిపోయేట్టు చెబితే చదువు బాగా వస్తుందనడానికి తగిన ఆధారం దొరకలేదని రాశారు. ఇష్టం వేరు, రావడం వేరు. కృష్ణా నది దారి తెలియాలంటే ఎవరికైనా పటం కావాలి. పద్యం పట్టుబడాలంటే ఎవరైనా నోరు విప్పాలి. తీరును నిర్ణయించేది చాలావరకు పాఠమే.

మరి పిల్లల్లో తేడాలు లేవా? బోలెడన్ని ఉన్నాయి. నా క్లాసులో ఒక కుర్రవాడు బల్ల వైపు చూసేవాడు కాదు, తల వంచుకుని శ్రద్ధగా వినేవాడు. ఆ పరీక్ష పెడితే 'విని నేర్చుకునే రకం' అని వచ్చేది, మనమూ సంతోషించేవాళ్ళం. వాడికి దూరపు చూపు లేదు! కళ్ళజోడు వచ్చిన వారానికే బల్ల మీది నా అక్షర దోషాలు చెప్పడం మొదలుపెట్టాడు.

ఇంకొకడు మిరప రైతు బిడ్డ. దశాంశాలంటే వాడికి చలిజ్వరం. 2.66ని 9,000తో హెచ్చించమంటే చుక్క ఎక్కడ పెట్టాలో తెలిసేది కాదు. ఒకరోజు వేరేలా అడిగాను: "టిక్కీ 38 కిలోలు, ఏడు టిక్కీలు, క్వింటా తొమ్మిది వేలు. మీ నాన్నకెంత రావాలి?" కాగితం ముట్టలేదు. ఏడు నలభైలు 280, అందులో 14 తీసేస్తే 266 కిలోలు. రెండు క్వింటాళ్ళకు 18 వేలు, మిగిలిన 66 కిలోలకు కిలో తొంభై చొప్పున 5,940. మొత్తం 23,940. "తరుగు, కమీషను తీస్తే అంత రాదు సార్" అని కూడా అన్నాడు. అది మా లెక్కల పుస్తకంలో లేని అధ్యాయం. చుక్కకు ఎడమ క్వింటాళ్ళు, కుడి కిలోలు అని చెప్పాక వాడికి దశాంశాల భయం పోయింది.

వాడు 'చేసి నేర్చుకునే రకం' కావడం వల్ల ఇది జరగలేదు. వాడికి ముందే తెలిసినదానికి కొత్తది అతికింది, అంతే. అదే టిక్కీల లెక్క పక్క బెంచీలోని అమ్మాయికి ఎక్కలేదు. వాళ్ళమ్మ బట్టలు కుట్టేది. ఆ పిల్లకు మీటరు టేపు ఇస్తే వచ్చింది. ఏ పిల్లకు ఏమి ముందే తెలుసన్నది నలభై ప్రశ్నల కాగితం చెప్పదు. పిల్లతో మాట్లాడితే తెలుస్తుంది.

ఇది మన రాష్ట్రానికి కొత్త కాదు. బ్రిటిష్ సహాయంతో 1980లలో మొదలైన ఆంధ్రప్రదేశ్ ప్రాథమిక విద్యా పథకం, మనవాళ్ళ నోట 'ఏపెప్', ఆరు సూత్రాలు పెట్టుకుంది. పిల్లల వ్యక్తిగత భేదాలను పట్టించుకోవడం వాటిలో ఒకటి, స్థానిక పరిసరాలను వాడుకోవడం మరొకటి. ఆ టీచర్ సెంటర్ సమావేశాలకు వెళ్ళినవాళ్ళు ఈ సభలోనూ ఉన్నారు. గోడలకు బొమ్మలు అంటించడమే ఏపెప్ అనుకున్నవాళ్ళూ ఉన్నారు లెండి.

మదనపల్లె దగ్గరి రిషివ్యాలీ వారి గ్రామీణ బడుల్లో ఇంకో అడుగు ముందుకు వేశారు. పాఠ్యపుస్తకాన్ని విడదీసి చిన్న చిన్న కార్డులు చేశారు. వాటిని ఒక నిచ్చెనలా వరుస పెట్టారు. ప్రతి పిల్లవాడికీ తాను ఏ మెట్టు మీద ఉన్నాడో తెలుసు. పది రోజులు బడి మానినా తిరిగి వచ్చి ఆ మెట్టు మీదే మొదలుపెడతాడు. కర్ణాటకలోని 'నలి కలి'కి, తమిళనాడు కార్డుల పద్ధతికి మూలం అక్కడే ఉంది. వాళ్ళు పిల్లవాడు ఏ రకమని అడగలేదు, ఎక్కడున్నాడని అడిగారు.

మన మెట్టలో ఈ ప్రశ్న జనవరిలో వస్తుంది. కాయ కోతలు మొదలైతే ఆదోని, ఆలూరు వైపు నుంచి కూలీల కుటుంబాలు పిల్లలతో దిగుతాయి. మన ఊరి పిల్లలు కూడా కొందరు కల్లాల దగ్గర కాపలా ఉంటారు. మళ్ళీ బడికి వచ్చేసరికి క్లాసు మూడు పాఠాలు ముందుంటుంది. అడగడానికి సిగ్గు. వెనక బెంచీ, తర్వాత గేటు బయట. ఈ సావనీరు కోసం తీయించిన పదో తరగతి ఫోటోల్లో వాళ్ళు ఉండరు. మీతోపాటు ఆరో తరగతిలో చేరినవాళ్ళ పేర్లు ఒకసారి గుర్తు చేసుకోండి, ఎంతమంది ఫోటో దాకా వచ్చారో మీకే తెలుస్తుంది.

అందుకే సంఘానికి నా మనవి. ఆ పరీక్షకు కట్టే సొమ్ములో కొంత పెట్టి ఏటా జూలైలో పిల్లలందరికీ కంటి పరీక్ష, అవసరమైనవాళ్ళకు కళ్ళజోళ్ళు ఇప్పించండి. మిగిలినదానితో జనవరి నుంచి ఏప్రిల్ దాకా ఊళ్ళో డిగ్రీ చదివిన ఇద్దరిని సాయంత్రాలు బడిలో కూర్చోబెట్టండి, బడికి దూరమైన పిల్లలు ఆగిన చోటు నుంచి చెప్పడానికి. ఉపాధ్యాయ మిత్రులు ఆరో తరగతిలో పిల్లకొక పేజీ చొప్పున ఒక నోటుపుస్తకం పెట్టండి: ఇంట్లో ఏం పని, ఏ మాట మాట్లాడతారు, ఎక్కడ ఆగింది. రోజుకు ఇద్దరితో మాట్లాడితే నెలన్నరలో క్లాసు అయిపోతుంది. మొదటి నోటుపుస్తకం నేను కొనిస్తాను.