ఒక్క పూట చెప్పమనండి

బొగ్గు గనుల దగ్గరి సెంటినరీ కాలనీలో తెలుగు చెప్పే టీచర్లకు ఓ మాట. 'మరపురాని సంఘటన' రాయమంటే పిల్లలు గైడులో ఉన్నదే దించేస్తారు. ఒక్క పూట గురించే అడగండి: ఓపెన్‌కాస్టు బ్లాస్టింగుకు కిటికీలు దడదడలాడినప్పుడు నువ్వేం చేస్తున్నవ్? నాన్న నైట్ షిఫ్టు దిగి వచ్చేసరికి ఇంట్లో ఎవరు లేచి ఉన్నరు?

ముందు నోటితో, ఇంటి భాషలోనే చెప్పనివ్వండి. భయమేసిందనడానికి 'గప్పుడు బుగులైంది' అంటే ఆపి దిద్దకండి. మంథని ప్రాంతపు అల్లం రాజయ్య కథలకు బలం ఈ నేల మాటే. తోటిపిల్లలు ప్రశ్నలడిగాక మళ్లీ చెప్పించండి. మరిచిన వివరాలు అప్పుడే బయటపడతాయి. 'ఇప్పుడు తలుచుకుంటే ఏమనిపిస్తోంది?' అని అడిగి, జవాబు వచ్చేదాకా ఓపిక పట్టండి. నా లెక్కలో అసలు పాఠం ఇదే. రాయడం ఆ తర్వాత.

చెప్పలేనన్న పిల్లను మాత్రం బలవంతపెట్టకండి. గనిలో మనిషిని పోగొట్టుకున్న ఇళ్లూ ఈ బొగ్గు ప్రాంతంలో ఉన్నాయి.