పంట నష్టపు సాయం ఎవరి పేరున వెళ్తోంది?

(సంఘ సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



డి.ఏ. బకాయిల గురించి మాట్లాడేవారు చాలామందే ఉన్నారు. నేను రెవెన్యూలో చేసినవాణ్ణి. తుపాను తర్వాత రైతుకు ప్రభుత్వమిచ్చే పెట్టుబడి రాయితీ, అంటే ఇన్‌పుట్ సబ్సిడీ గురించి నాలుగు మాటలు చెబుతాను. మనలో చాలామందికి ఊళ్ళో రెండో మూడో ఎకరాలున్నాయి. కౌలుకిచ్చుకున్నాం. కనుక ఇది మన సంగతే.

1996 నవంబరు 6న వచ్చిన తుపాను కోనసీమను ఊడ్చేసింది. వెయ్యిమందికి పైగా చనిపోయారు. సార్వా వరి కోతకొచ్చిన సమయం. కొబ్బరి చెట్లు వేళ్ళతో సహా పడిపోయాయి. ఆ నష్టం రాసిన సిబ్బందిలో నేనూ ఒకణ్ణి. నీళ్ళు తీశాక చూస్తే పడిపోయిన వరికి కంకుల్లోనే మొలకలొచ్చాయి. సర్వే నంబరు వారీగా రాసి, జాబితా పంచాయతీ గోడకు అంటించాం. ఒకావిడ వచ్చి, "మా ఆయన పేరేదండీ బాబుగారూ? దున్నిందీ ఊడ్చిందీ మేమే కదండీ" అని అడిగింది. అడంగల్‌లో యజమాని పేరే ఉంది. ఆయన ఉండేది పట్నంలో. సాయం ఆయన పేరున వెళ్ళింది. పంట పోయినా ఆవిడ కుటుంబం ఇవ్వాల్సిన కౌలు బస్తాల బాకీ అలాగే నిలిచింది.

ఆ తర్వాత నిబంధనలు మారాయి. 2015 వరకు పంట 50 శాతం పోతేనే సాయం. 50కీ 49కీ తేడా గట్టు మీద నిలబడి చెప్పడం ఎవరి తరం? ఆ ఏడాది దాన్ని 33 శాతం చేశారు, మంచి పని. 2022లో కేంద్రం ప్రకటించిన రేట్లు హెక్టారుకు వర్షాధార పంటకు 8,500, నీటి వసతి ఉన్నదానికి 17,000, తోటలకు 22,500 రూపాయలు. అదీ 2 హెక్టార్ల వరకే. ఆ లెక్కన వరికి ఎకరాకు 7 వేలు నిండలేదు. పెట్టుబడిలో అది ఎంతో మీకు తెలుసు. ఆ కాస్తా కూడా దున్నినవాడికి చేరకపోతే ఎలా?

2011లో కౌలుదార్లకు రుణ అర్హత కార్డుల చట్టం వచ్చింది. 2019లో సాగుదారుల హక్కుల చట్టం వచ్చింది. ఈ రెండోదానిలో 11 నెలల ఒప్పందం మీద యజమాని సంతకం కావాలన్నారు. అక్కడే ఆగిపోయింది బండి. సంతకం పెడితే పొలం పోతుందని మనవాళ్ళ భయం. 1956 కౌలుదారీ చట్టం నాటి నుంచీ పెద్దలు చెబుతూ వచ్చిన భయమది, ఊరికే పుట్టలేదు. కానీ 2019 చట్టం యజమాని హక్కుకు భంగం లేదని స్పష్టంగా చెప్పింది. ఒప్పందం కాలపరిమితితోటే ముగిసిపోతుంది.

తన ఖాతాలో పడ్డ సొమ్ము కౌలుదారుకి ఇచ్చేసిన యజమానులనూ చూశాను. వేళ్ళ మీద లెక్కపెట్టవచ్చు.

కనుక నా మనవి ఒకటే. మీ పొలం చేసే అతను కాగితం పట్టుకుని వస్తే చదివి సంతకం పెట్టండి. ఈ-పంట నమోదులో సాగుదారుగా ఎవరి పేరు రాశారో ఊరికి ఫోను చేసి కనుక్కోండి. అది పంట చేలో ఉన్నప్పుడే చూసుకోవాలి, తుపాను వెళ్ళాక దిద్దించడం కష్టం. ఒప్పంద పత్రం నమూనా నా దగ్గర ఉంది. కావలసినవారు భోజనాల దగ్గర అడిగితే ఇస్తాను.