మెదడును పెంచుట, మెదడును కాచుట
(కల్లూరు గ్రామస్థుల సభలో చేసిన ప్రసంగ పాఠము)



సాగరు ఎడమకాలువ నీటితో వరియు, మిరపయు, పత్తియు పండించు మీకు వ్యవసాయమును గూర్చి చెప్పుటకు నేను రాలేదు. ఆ విషయమున మీరే గురువులు. మన అందరి తలలలో ఉన్న మెదడును గూర్చి, దానిని పెంచుకొనవలసిన తీరును గూర్చి, కాపాడుకొనవలసిన తీరును గూర్చి నాలుగు మాటలు చెప్పుటకు వచ్చితిని. కన్ను మసకబారినచో కంటి డాక్టరు కడకు పోవుదుము. కాలు విరిగినచో కట్టు కట్టింతుము. కాని ఇంటిలోని తాత ఇంటిదారి మరచినచో "వయసు మీరినది, చాదస్తము" అని ఊరకుందుము. లేదా గాలి సోకినదని తాయెత్తు కట్టింతుము. ఈ అలవాటు మారవలెననియే నా విన్నపము.

పెరిగిన మనిషి మెదడు ఇంచుమించు 1,300 నుండి 1,400 గ్రాముల తూకముండును. దేహపు బరువులో ఇది నూటికి 2 వంతులు మాత్రమే. అయినను మనము తిన్న తిండివలన కలుగు శక్తిలో నూటికి 20 వంతులు అదే ఖర్చు చేయును. దానిలో దాదాపు 8,600 కోట్ల నాడీకణములు కలవు. ఒక్కొక్క కణము వేళ్లును కొమ్మలును గల చెట్టువలె ఉండును. కొమ్మలవంటి పోగులతో ఇతర కణములనుండి వార్తలనందుకొనును. పొడవైన ఒక పోగుద్వారా తన వార్తను ముందుకు పంపును. ఆ వార్త విద్యుత్తు రూపమున పోవును. వేగముగల నాడులలో అది సెకనుకు 100 మీటర్ల దూరము పరుగెత్తగలదు. ఒక కణమునకును మరియొక కణమునకును నడుమ సన్నని సందు కలదు. ఆ సందును రసాయన ద్రవ్యముల సాయముతో వార్త దాటిపోవును. మెదడు అంతయు ఒకే అల్లికయని పూర్వము కొందరు తలచిరి. కణములు వేరువేరుగా ఉండి కలసి పనిచేయునని స్పెయిను దేశీయుడైన రామోన్ ఇ కహాల్ సూక్ష్మదర్శినితో చూచి నిరూపించెను. అందులకు ఆయనకు 1906లో నోబెల్ బహుమానములో భాగము లభించెను.

పలు కణములు కలసి ఒక పనికొరకు ఏర్పరచుకొనిన బాటను నాడీవలయమందురు. నాట్లు వేయుట క్రొత్తగా నేర్చుకొను పిల్ల ప్రతి మొక్కను చూచి, ఎడము కొలుచుకొని నాటును. నాలుగు కార్తెలు గడచిన పిమ్మట, ప్రక్కవారితో మాటలాడుచునే వరుస తప్పక నాటును. ఆమె చేతులు మారలేదు. ఆ పనికి మెదడులో బాట పడినది. పదేపదే నడచిన వలయము బలపడును. నడక లేని వలయము క్రమముగా సన్నగిల్లును. నేను చెప్పబోవు మాటలన్నిటికిని ఇదియే మూలము.

ఇక మెదడు పుట్టుకను చూతము. గర్భము నిలిచిన 28 రోజులలోగా, పిండము వీపుభాగమున ఒక పలుచని పొర గొట్టమువలె ముడుచుకొని మూసికొనును. దాని పైకొస మెదడగును. క్రిందిభాగము వెన్నుపాము అగును. ఆ గొట్టము సరిగా మూసికొననిచో శిశువు వెన్ను తెరపితో పుట్టవచ్చును, లేదా మెదడు పెరుగకయే పుట్టి మరణింపవచ్చును. ఆ 28 రోజులలో తాను గర్భవతినని తల్లికే తెలియకపోవుట తరచు జరుగును. కావున ఈ జాగ్రత్త గర్భమునకు ముందే ఆరంభము కావలెను.

ఈ లోపమును చాలవరకు అరికట్టు విటమిను ఫోలిక్ ఆమ్లము. దాని కథలో మన తెలుగువాని పేరు చేరియున్నది. 1931లో లూసీ విల్స్ అను ఆంగ్ల వైద్యురాలు బొంబాయి మిల్లు కార్మిక స్త్రీలలో గర్భిణులకు వచ్చు రక్తహీనతను పరిశీలించి, ఈస్టు సారముతో అది తగ్గుటను గమనించెను. ఆ సారములోని గుణమునకు కారణమైన పదార్థమే తరువాత ఫోలిక్ ఆమ్లమని తేలెను. భీమవరమున 1895లో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారు అమెరికాలోని లెడర్లే పరిశోధనాలయమున పరిశోధనలకు నాయకత్వము వహించుచుండగా, వారి బృందము 1945లో దానిని ప్రయోగశాలలో తయారుచేసి చూపెను. రక్తహీనత కొరకు వెదకిన ఆ పదార్థము శిశువు మెదడును కూడ కాపాడునని అప్పటికి తెలియదు. పూర్వమొకసారి అట్టి లోపముగల బిడ్డను కనిన తల్లులకు గర్భధారణకు ముందునుండియే దీనిని ఇచ్చి చూడగా, ఆ లోపము మరల వచ్చుట నూటికి 72 వంతులు తగ్గినదని 1991లో ప్రకటితమైన పరిశోధన తెలిపెను.

కావున ఆడపిల్లలకును, గర్భిణులకును ఆశా కార్యకర్తలు, అంగన్‌వాడీ కార్యకర్తలు ఇచ్చు ఇనుము-ఫోలిక్ ఆమ్లపు మాత్రలను అటకపై పెట్టి మరువకుడు. తోటకూర, పాలకూర, పెసలు, సెనగలు తినిపింపుడు. ఆకుకూరను గంటలకొలది ఉడికించి, ఆ నీటిని పారబోసినచో ఈ విటమిను చాలవరకు పోవును. అయోడిను కలిపిన ఉప్పునే వాడుడు. అయోడిను కొరత శిశువు మెదడు ఎదుగుదలను కుంటుపరచును.

పుట్టిన తరువాత మెదడు మహావేగముతో పెరుగును. రెండేండ్లు నిండునప్పటికి అది పెద్దవారి మెదడు పరిమాణములో నూటికి 80 వంతులకు చేరును. మొదటి ఏండ్లలో కణముల నడుమ కలయికలు అవసరమునకు మించి ఏర్పడును. పిమ్మట వాడుకలో ఉన్నవి నిలుచును, లేనివి తొలగిపోవును. కావున పసిబిడ్డతో మాటలాడుట, జోలపాడుట, పేరుపెట్టి పిలుచుట కేవలము ముద్దుమురిపెము కాదు. అది మెదడును కట్టు పని. అడవి అంచున నివసించు మనము మరియొక సంగతి మరువరాదు. ఒక రకపు మలేరియా జ్వరము మెదడులోని సన్నని రక్తనాళములను అడ్డగించి మూర్ఛలు తెచ్చును. బ్రతికి బయటపడిన పిల్లలలో కొందరికి చదువునందును, నడకయందును లోపములు మిగులును. చలిజ్వరము వచ్చిన నాడే రక్తపరీక్ష చేయింపవలెను. పిల్లలను దోమతెరలో పండబెట్టవలెను.

ఇపుడు ఈ సీమకు ప్రత్యేకముగా చెందిన విషయమునకు వచ్చుచున్నాను. ఇచ్చట తెలుగుతోబాటు తండాలలో లంబాడీ, తూర్పుననున్న అడవి గ్రామములలో కోయ, ముస్లిము సోదరుల ఇండ్లలో ఉర్దూ వినబడును. ఇంట ఒక భాష, సంతలో మరియొక భాష మాటలాడువారు ఇచ్చట ఎందరో కలరు. కాని బడికి పోవు బిడ్డ ఇంటిభాష మాటలాడినచో చదువు పాడగునని, నలుగురిలో చిన్నతనమగునని కొందరు తలిదండ్రులు దానిని మాన్పించుచున్నారు. ఆ మాన్పించుట ఎంతటి నష్టమో హైదరాబాదులో జరిగిన ఒక పరిశోధన మనకు చూపుచున్నది.

నిజాం వైద్యవిజ్ఞాన సంస్థలో, అనగా నిమ్స్ ఆసుపత్రిలో, డాక్టరు సువర్ణ అల్లాడిగారును, వారి సహచరులును, ఎడిన్‌బరో విశ్వవిద్యాలయమునకు చెందిన డాక్టరు తామస్ బాక్‌గారును కలసి, మతి క్షీణించు వ్యాధితో వచ్చిన 648 మంది రోగుల వృత్తాంతములను పరిశీలించిరి. ఫలితములను 2013లో ప్రకటించిరి. ఆ రోగులలో 391 మంది రెండు లేక అంతకు మించిన భాషలు మాటలాడువారు. ఒక్క భాషయే తెలిసినవారికంటె వీరికి వ్యాధి సగటున నాలుగున్నర ఏండ్లు ఆలస్యముగా కనబడెను. చదువువలన ఈ భేదము వచ్చినదేమోయని వారు శోధించిరి. అక్షరము రాని వారిలోను ఈ భేదము కనబడెను. పురుషులా స్త్రీలా, పట్టణవాసులా పల్లెవాసులా, ఏ వృత్తివారు అను విషయములు కూడ దీనికి కారణములు కావని తేలెను. మూడు, నాలుగు భాషలు వచ్చినవారికి రెండు భాషలవారికంటె అదనపు లాభము కనబడలేదు. పక్షవాతమునకు గురియైన 608 మందిని గూర్చి అదే ఆసుపత్రినుండి 2016లో వెలువడిన మరియొక పరిశోధన ప్రకారము, పక్షవాతము పిమ్మట తెలివి చెక్కుచెదరక నిలిచినవారు రెండు భాషలవారిలో నూటికి 40 మంది. ఒక భాషవారిలో నూటికి 20 మంది మాత్రమే.

దీనికి కారణమేమి? రెండు భాషలు వచ్చినవాని మెదడులో రెండును మేలుకొనియే ఉండునని శాస్త్రజ్ఞులు చెప్పుచున్నారు. ఇంట కోయలో మాటలాడు తల్లి సంతకు వచ్చి తెలుగున బేరమాడునపుడు, ప్రతి మాటకును ఒకదానిని అణచి రెండవదానిని ఎంచుకొనవలెను. ఎదుటివాడెవడో గమనించి భాష మార్చవలెను. ఎంచుకొనుట, అణచుట, మార్చుట అను పనులు చేయు వలయములు జీవితమంతయు ఇట్లు సాధన పొందుచుండును. ముసలితనమున కొన్ని కణములు చెడినను మిగిలిన బాటలు కొంతకాలము పనిని నెట్టుకొనివచ్చునని వారి ఊహ.

దీనిని మించి చెప్పుట న్యాయము కాదు. రెండు భాషలు ఈ వ్యాధికి మందు కావు; వ్యాధి రాకుండ ఆపలేవు. అన్ని దేశముల పరిశోధనలును ఒకే ఫలితము నీయలేదు. కాని మన రాష్ట్రములో, మనవంటివారిలో కనబడిన ఫలితము ఇది. ఇంటిభాష నిలుపుకొనుటకు పైసా ఖర్చు లేదు. బిడ్డకు తెలుగు నేర్పుడు, ఇంగ్లీషు నేర్పుడు. నాయనమ్మతో మాటలాడు భాషను మాత్రము మాన్పింపకుడు.

ఇక మెదడు క్షీణించుటను గూర్చి. 1906లో జర్మను వైద్యుడైన అలోయిస్ ఆల్జీమర్, మతి చెడి మరణించిన ఒక స్త్రీ మెదడును పరీక్షించి, కణముల నడుమ గడ్డలవంటి పేరుకుపోతలను, కణముల లోపల చిక్కుపడిన పోగులను కనుగొనెను. ఆ పేరుకుపోత మరపు కనబడుటకు అనేక సంవత్సరములు ముందే ఆరంభమగునని నేడు తెలియును. మరియొక విధమున, రక్తపుపోటువలనను, షుగరు వ్యాధివలనను సన్నని రక్తనాళములు చెడి, మెదడులో కొంతభాగమునకు రక్తమందక కణములు చచ్చును. భారతదేశమున అరువదేండ్లు దాటినవారిలో నూటికి 7 మందికి పైగా, అనగా దాదాపు 88 లక్షల మంది ఇట్టి వ్యాధులతో ఉన్నారని 2023లో ప్రకటితమైన లెక్క. పట్టణములకంటె పల్లెలలోనే ఇది ఎక్కువ.

అయినను నిరాశపడవలసిన పని లేదు. పదునాలుగు కారణములను అదుపులో పెట్టినచో, ఈ వ్యాధులలో నూటికి 45 వంతులను నివారించుటకో, వాయిదా వేయుటకో వీలున్నదని 2024లో లాన్సెట్ వైద్యపత్రిక నియమించిన నిపుణుల సంఘము అంచనా వేసెను. వానిలో చాలవరకు మన చేతిలోనివే. రక్తపుపోటును, షుగరును పరీక్ష చేయించుకొని మందు విడువక వాడుట. పొగాకును, సారాను మానుట. మోటారుసైకిలుపై హెల్మెటు ధరించుట. చెవుడునకు, కంటిచూపునకు చికిత్స చేయించుట. పెద్దలను ఒంటరిగా మూల కూర్చుండబెట్టక నలుగురిలో కలుపుట. చెవి వినబడనివారు మాటలకు దూరమగుదురు. మాటలు కరవైన మెదడునకు సాధన తగ్గును.

మరి రెండు సంగతులు గుర్తుంచుకొనుడు. మూతి వంకరపోవుట, ఒక చేయి పడిపోవుట, మాట తడబడుట హఠాత్తుగా కనబడినచో అది పక్షవాతము. నాటువైద్యునికై వెదకక వెంటనే 108కి ఫోను చేయుడు. రక్తపుగడ్డను కరిగించు మందు నాలుగున్నర గంటలలోపుననే ఈయవలెను. రెండవది, మరపు అంతయు నయము కానిది కాదు. బి-12 విటమిను కొరత, థైరాయిడు లోపము, మనోవ్యాకులత కూడ మరపు తెచ్చును; వీనికి చికిత్స కలదు. కావున వండిన కూరను మరల వండుట, తెలిసిన దారి తప్పుట, డబ్బు లెక్క తారుమారగుట, స్వభావము మారుట చూచినచో, పెద్దలను ముందుగా ప్రాథమిక ఆరోగ్యకేంద్రమునకు గొనిపొండు.

వ్యాధి నిజమైనదని తేలినప్పుడు మందుకంటె ఎక్కువ కావలసినది ఓర్పు. వారు అడిగినదే అడుగుట పొగరు కాదు. జవాబును నిలుపుకొను వలయము చెడినది. కసురుకొనినచో భయపడుదురు, మెల్లగా చెప్పినచో తాత్కాలికముగానైన ఊరట పొందుదురు. చిన్ననాటి పాటలు, పండుగలు, పొలము పేర్లు చాలకాలము నిలుచును, వానిని మాటలాడింపుడు. ఈ సేవ తరచు ఇంటిలోని ఒక్క కోడలి మీదనో, ఒక్క కూతురి మీదనో పడుచున్నది. రాత్రులు నిద్రలేక కాపలా ఉండు ఆమెకు వారమునకొకనాడైనను విశ్రాంతి దొరకునట్లు మగవారును, ఇరుగుపొరుగువారును పాలు పంచుకొనవలెను.

గర్భిణికి మాత్రలు, బిడ్డకు మాటలు, పెద్దకు పరీక్షయు ఓర్పును: ఈ మూడింటికిని మన ఊరిలోనే అవకాశమున్నది. మహిళాసంఘములు తమ తదుపరి సమావేశమున అరువదేండ్లు దాటినవారి పట్టిక వ్రాసి, రక్తపుపోటు పరీక్ష కాని పెద్దలందరిని ఈ నెలలోనే ఆరోగ్యకేంద్రమునకు తీసికొనిపోవుదురని ఆశించుచున్నాను.