పండమేరుకు పార్కు సరే, దారి ఏదీ?

(అనంతపురంలో విద్యార్థులు, ఉద్యోగుల సభలో చేసిన ప్రసంగ పాఠం)

పండమేరు ఒడ్డున పార్కు అనే మాట ఎవరెత్తినా మేం కాదనం. కూర్చోడానికి నీడ దొరకని ఊరు మనది. మా భయమల్లా ఆ మాట వెంట వచ్చే బొమ్మలతోనే. పచ్చిక, రంగు లైట్లు, పడవలు! ఏడాదికి 550 మిల్లీమీటర్లకు అటూ ఇటూ వాన పడే చోట పడవకు నీళ్లెక్కడివి?

అహ్మదాబాద్ సబర్మతిని చూపిస్తారు. అక్కడ కాంక్రీటు గోడల మధ్య నిలిచింది నర్మద కాలువ నీళ్లు. ఒడ్డు గుడిసెల్లోని వేల కుటుంబాలను లేపేశాకే ఆ అందం వచ్చింది. ఇక్కడ అట్లాంటి మడుగు నింపాలంటే తుంగభద్ర ఎగువ కాలువలోనో, హంద్రీ-నీవాలోనో చెయ్యి పెట్టాలి. శెనక్కాయ ఎండబెట్టుకున్న రైతు ముందు నిలబడి ఆ మాట అనగలమా?

14వ శతాబ్దంలో బుక్కరాయల మంత్రి చిక్కప్ప ఒడయరు ఈ ఏటికే కట్ట వేయించాడు. ఆ కట్ట దగ్గర వెలిసినవే బుక్కరాయసముద్రం, అనంతసాగరం. ఊరికి ఆ పేరు ఏటి వల్ల వచ్చిందే. కట్ట తెగబోతే ముసలమ్మ ప్రాణమిచ్చిన కథను కట్టమంచి రామలింగారెడ్డి కావ్యం చేశాడు. బడిలో మనం దాన్ని త్యాగం కథగా చదువుకున్నాం. ఏరు ఎండినా చావదనీ, వచ్చిన రోజు తన దారి తాను అడుగుతుందనీ కూడా అందులో ఉంది.

అడిగింది కదా! 2022 అక్టోబర్‌లో నడిమి వంక ఊళ్లోకి వచ్చింది. 2024 అక్టోబర్‌లో కనగానపల్లి చెరువుకు గండి పడి పండమేరు పక్క కాలనీలు మునిగాయి. అందులో ప్రభుత్వం ఇళ్ల స్థలాలిచ్చిన కాలనీ కూడా ఉంది. పట్టా నమ్మి ఇల్లు కట్టుకున్నవాళ్లు సామాన్లు ఎండలో ఆరబెట్టుకున్నారు. రేపు పార్కు పేరు చెప్పి వాళ్లనే ఆక్రమణదారులంటే మేం ఊరుకోం. ముందు వేరే చోట ఇల్లు, ఆ తర్వాతే కంచె.

ఇక ఇసుక. చూడ్డానికి ఖాళీ నేల, నిజానికి అది ఏటి కుండ. వాన నీళ్లు దాచుకునేది అదే. ఇసుక ఎత్తుకుపోతే చెలమ ఎండుతుంది, తర్వాత ఒడ్డు బావి, తర్వాత బోరు. 2002లోనే వాల్టా చట్టం వచ్చింది. ట్రాక్టర్లకు ఆ సంగతి తెలిసినట్టు లేదు.

ఏటిని బతికించడమంటే మనం చూసి నేర్చుకోవాల్సింది దూరంలో లేదు. చెన్నేకొత్తపల్లి, రొద్దం మండలాల కొండల్లో టింబక్టు కలెక్టివ్, చుట్టూ ఊళ్ల జనం 1992 నుంచి కల్పవల్లిని కాపాడుకొస్తున్నారు. 7 వేల ఎకరాలకు పైగా బీడు అది. అక్కడ నాటిన దానికన్నా కాపాడిందే ఎక్కువ. నిప్పు పడకుండా కాపలా, గొడ్డలి పడకుండా కాపలా. వంకల వెంట ఈత చెట్లు లేచాయి, బోదగడ్డి వచ్చింది, ముష్టికోవెల చెరువుకు నీళ్లు దిగాయి. పండమేరుకైనా పని మొదలవ్వాల్సింది ఎగువ గుట్టల్లో, చెరువుల కట్టల మీద. ఊరి మురుగును వంకలో కలపకుండా ఆపాలి. ఇక్కడ ఒడ్డున కానుగ, నేరేడు, ఈత, తంగేడు చాలు. ఎండాకాలం ఉత్త ఇసుకే కనిపిస్తుంది కదా అంటారా? కనిపించనీయండి, పిల్లలు ఆడుకుంటారు.

సభలో రెవెన్యూ, సర్వే మిత్రులున్నారు. పాత ఎఫ్ఎంబీల్లో వంక పోరంబోకు ఎంతుందో, ఈరోజు ఎంత మిగిలిందో లెక్క తీసి మాకివ్వండి. ఆ లెక్క లేకుండా గీసిన ఏ ప్లానూ ప్లాను కాదు. విద్యార్థి మిత్రులారా, వచ్చే ఆదివారం పొద్దున ఏడింటికి మేం ఏటి వంతెన దగ్గరుంటాం. 2024లో నీళ్లు ఏ గోడ మీద ఎంత ఎత్తుకొచ్చాయో ఆ ఇంటివాళ్లనే అడిగి గీత గీద్దాం. సున్నం డబ్బా, కుంచె మీరే తెచ్చుకోండి.