విస్తరాకును విడిచిన ఇల్లు

భద్రాచలమునకు సుమారు 35 కిలోమీటర్ల దూరమున, గోదావరి యొడ్డున, పర్ణశాల యను గ్రామము కలదు. పర్ణశాల యనగా ఆకుల ఇల్లు. సీతారాములు వనవాసకాలమున అచట నివసించిరని జనుల విశ్వాసము. ఆకు ఇల్లయిన ఆ సీమలో ఆకే పళ్లెము, ఆకే గిన్నె. మోదుగాకు విస్తరిలో అన్నము, తాటాకు దొప్పలో కల్లు, ఎండిన సొరబుర్రలో త్రాగునీరు: కోయల ఇండ్లలో తరతరములుగా సాగిన వాడుక యిది. ఖమ్మము జిల్లా పల్లెలలో పెండ్లి పంక్తులు సైతము విస్తళ్ల మీదనే నడచెడివి. నేడు అడవి అంచున జరుగు సంతలో కూడ తళతళలాడు పళ్లెములు, గ్లాసులు కట్టలుకట్టలుగా అమ్ముడుపోవుచున్నవి. ఈ మార్పునకు మనము చెల్లించు మూల్యమెంత? కుటుంబముగా మనము చేయదగిన దేమి? ఈ రెండు ప్రశ్నలను గూర్చి శ్రోతలతో ముచ్చటింప దలచితిమి.

ముందుగా ఒక మాట. ప్లాస్టికు పుట్టుకతోనే చెడ్డ వస్తువు కాదు. 1907 లో అమెరికాలో బేకలాండు అను రసాయన శాస్త్రజ్ఞుడు బేకలైటును కనుగొనెను. ఒకప్పటి రేడియో పెట్టెలు అనేకము దానితోనే తయారైనవి. దూరపు బావి నుండి నీరు మోయు ఇల్లాలికి ఇత్తడి బిందె బరువును తప్పించినది ప్లాస్టికు బిందెయే. ఏండ్ల తరబడి పనిచేయు బకెట్టుతో మనకు పేచీ లేదు. పేచీ యంతయు పావుగంట పనిచేసి తరతరములు నేలలో నిలిచియుండు వస్తువుతోనే. పాలిథీను 1933 లో ఇంగ్లండులోని ఒక ప్రయోగశాలలో అనుకోకుండ బయటపడినది. దానితో స్వీడను దేశపు ఇంజనీరొకడు రూపొందించిన పలుచని చేతిసంచికి 1965 లో పేటెంటు లభించినది. దానినే మన అంగళ్లలో 'కవరు' అని పిలుచుచున్నాము. దానికి ధర లేదు కనుక లెక్క లేదు. లెక్క లేదు కనుక హద్దు లేదు.

ప్రభుత్వము చట్టము చేసినది. ప్లాస్టికుతో చేసిన పళ్లెములు, గ్లాసులు, చెంచాలు, పీల్చుగొట్టములు, అలంకరణకు వాడు థర్మోకోలు మొదలైనవి 2022 జూలై 1 నుండి దేశమంతటను నిషిద్ధములు. సంచుల మందము 2021 సెప్టెంబరు 30 నుండి 75 మైక్రానులకు, 2022 డిసెంబరు 31 నుండి 120 మైక్రానులకు తగ్గరాదు. మైక్రాను అనగా మిల్లీమీటరులో వెయ్యవ వంతు. అయినను చట్టము అంగడి గుమ్మము వరకే రాగలదు. మన వంటింటి గుమ్మము దాటి లోనికి రాజాలదు. పైగా కాగితపు పళ్లెమని మనము కొను దానిలో పలుచని ప్లాస్టికు పొర యుండుట కద్దు. పులుసు పోసినను అది తడియకుండుటకు కారణము ఆ పొరయే.

పారవేసిన కవరు ఏమగునో చూతము. మిగిలిన అన్నము, కూరతొక్కలు కవరులో మూటగట్టి వీధిలో పడవేయుదుము. ఆవుకు ముడి విప్పుటకు చేతులు లేవు. అన్నపు వాసనకు మూటను మూటగానే మ్రింగును. ఆ కవరు అరుగదు, బయటకు పోదు, పొట్టలో పేరుకొనిపోవును. కడుపు నిండియే యుండును, పశువు మాత్రము చిక్కి చచ్చును. అడవి దారులలో బస్సు కిటికీ నుండి విసరిన మూటలకు కోతులును, దుప్పులును ఇట్లే బలి యగును.

కొందరు పొయ్యి రాజవేయుటకు కవరు నంటింతురు. అది సులభముగా మండును, నిజమే. కాని ఆ పొగ విషము, ముఖ్యముగా పి.వి.సి. జాతి ప్లాస్టికు మండినప్పుడు ఆమ్లపు ఆవిరియు, డయాక్సినులను మహావిషములును పుట్టును. వాటిని మొదట పీల్చునది పొయ్యి ముందున్న తల్లి, ఆమె ఒడిలోని పసిబిడ్డ.

ఇక గోదావరి. భద్రాచలమున నీటిమట్టము 43 అడుగులకు చేరినచో మొదటి ప్రమాద హెచ్చరిక. 2022 జూలైలో అది 71 అడుగులు దాటినది. అట్టి వరద యొడ్డున నున్న చెత్త నంతటిని ఊడ్చుకొని పాపికొండల నడుమ నుండి రాజమహేంద్రవరమునకు, అటుపై సముద్రమునకు మోసికొనిపోవును. మనము పారవేసినది దిగువవారి త్రాగునీటిలో చేరుచున్నది. ఎండకు, నీటికి ప్లాస్టికు ముక్కలై, పొడియై, కంటి కగపడని రేణువులగును గాని మట్టిలో కలిసి మట్టి కాదు. 2022 లో నెదర్లాండ్సు శాస్త్రజ్ఞులు 22 మంది రక్తమును పరీక్షింపగా 17 మందిలో ప్లాస్టికు రేణువులు కానవచ్చినవి. అవి దేహమునకు చేయు కీడెంత యను పరిశోధన ఇంకను సాగుచున్నది.

ఇప్పుడు విస్తరి సంగతి. మోదుగాకులను కోసి, నీడన ఆర్చి, బరువు క్రింద నుంచి, చీల్చిన వెదురు పుల్లలతో కుట్టుదురు. తూర్పు కొండలలో చెట్ల మీదికి ప్రాకు అడ్డతీగ ఆకు ఇంకను వెడల్పు. ఈ పనికి యంత్రము అక్కరలేదు, పెట్టుబడి అక్కరలేదు. ఇప్పపువ్వు, తునికాకు ఏడాదిలో కొద్ది వారములే పని కల్పించును. విస్తరి కుట్టుట ఇంటిపట్టున, వాన రోజులలో, ముదుసలియు చేయగల పని. భోజనమైన పిదప ఆ ఆకు పెంటకుప్పలో పడి ఎరువగును. ప్లాస్టికు పళ్లెము దానికన్న చౌక యందురు. చౌక యెట్లయినది? దానిని ఎత్తివేయు పారిశుద్ధ్య కార్మికుని శ్రమ, చచ్చిన పశువు ఖరీదు, విస్తరి కుట్టు స్త్రీ కోల్పోయిన కూలి ఆ ధరలో చేరలేదు. ఆ బాకీని మనకు మారుగా ఇతరులు తీర్చుచున్నారు.

కాబట్టి ఇంట చేయదగిన పనులు కొన్ని చెప్పుదుము. చెప్పులు విడుచు చోటనే ఒక మేకు కొట్టి రెండు గుడ్డసంచులు తగిలింపుడు. బయలుదేరునప్పుడు కంటబడని సంచి చేతికి రాదు. మాంసమునకు, చేపలకు మూతగల స్టీలు డబ్బా తీసికొనిపొండు. హోటలు నుండి సాంబారు, తేనీరు వేడివేడిగా కవరులో పోయించుకొను అలవాటును తక్షణమే మానవలెను. వాటికి క్యారియరు, ఫ్లాస్కు ఉన్నవి. రోజుకు రెండు పాల ప్యాకెట్లు కొను ఇంట ఏడాదికి 730 ప్యాకెట్లగును. మూలను కత్తిరించునప్పుడు తునుకను పూర్తిగా తెగనీయక ప్యాకెట్టునకే అంటియుండ నిండు. ఆ చిన్న తునుక నెవ్వరును ఏరజాలరు. కడిగి ఎండబెట్టిన ప్యాకెట్లను పాత సామాను కొనువానికి ఇయ్యవచ్చును.

శుభకార్యములలో నీటి వసతి యున్నచోట స్టీలు పళ్లెములు, గ్లాసులు అద్దెకు తెచ్చుకొనుడు. సిద్దిపేట ప్రాంతపు గ్రామములలో ఊరుమ్మడిగా పాత్రలుంచి, కార్యముగల ఇంటికి ఇచ్చు 'స్టీలు బ్యాంకు'లు నడచుచున్నవి. నీటి కరవున్నచోట విస్తరాకును మించినది లేదు. పది దినములు ముందుగా చెప్పినచో అడవి అంచు పల్లెల స్త్రీలు కావలసినన్ని కుట్టి యియ్యగలరు.

ఒక న్యాయమైన ఆక్షేపణ కలదు. కవరు పోయి డబ్బా వచ్చినచో దానిని తోమునది ఎవరు? పొదుపు పేరిట ఇల్లాలి నెత్తిన మరియొక పని మోపుట న్యాయము కాదు. చేతిసంచి పట్టుకొని సంతకు పోవుట నామోషి యనుకొను పురుషులు ముందు ఆ నామోషిని విడువవలెను. తెచ్చిన డబ్బాను తెచ్చినవారే కడుగవలెను. పిల్లలకును ఇందులో పాలు పంచవలెను. అందరును చేసినప్పుడే ఈ అలవాటు ఇంట నిలుచును.

ఎక్కడ మొదలుపెట్టుట యని సందేహించువారికి ఒక సూచన. రేపటి నుండి వారము దినములు ఇంటిలోనికి వచ్చిన కవర్లను, పొట్లములను ఏదియు పారవేయక ఒక గోనెసంచిలో వేయుడు. ఎనిమిదవనాడు ఇంటిల్లిపాదియు కూర్చుండి దానిని నేలపై కుమ్మరించి లెక్కింపుడు. అందులో ఏవి లేకున్నను మనకు గడచియుండెడిదో పిల్లల చేతనే వేరుచేయింపుడు. మరుసటి వారము ఆ కుప్పలో సగము తగ్గింప బూనుడు. ఒక ఇంట తగ్గినది చిన్న కుప్పయే కావచ్చును. కాని ఆ మేరకు వీధిలోని పశువునకు మేలు, గోదావరి దిగువవారికి మేలు, విస్తరి కుట్టు చేతులకు పని.