ఆ ఫోను ఎవరిదో అడగండి

పట్టాలు అందుకుంటున్న నర్సింగ్ విద్యార్థులారా, వాళ్లను ఇంతదాకా చదివించిన అమ్మానాన్నలారా,

మీలో చాలామంది భివండి పద్మనగర్ బిడ్డలు. మీ తాతలు కరీంనగర్, వరంగల్, నల్లగొండ పల్లెల నుంచి బతుకుదెరువుకు భివండి వచ్చి మరమగ్గాల సాంచాల మీద నిలబడ్డారు. అందుకే తెలుగులోనే, ఒక్క సంగతి గురించే మాట్లాడతాను. డిశ్చార్జి అయి వెళ్లిపోయిన మనిషి గురించి.

వార్డు దాటితే మన బాధ్యత తీరదు. మామూలు టీబీకి మందులు ఆరు నెలలు. అవి పూర్తయ్యాక కూడా ఆరు నెలలకోసారి, రెండేళ్ల దాకా ఆ మనిషిని చూడాలని జాతీయ టీబీ కార్యక్రమం చెబుతోంది. జబ్బు తిరగబెడితే ఎక్కువగా ఆ రోజుల్లోనే తిరగబెడుతుంది.

ఒకప్పుడు క్షయ వస్తే శానటోరియమే దిక్కు. మదనపల్లె దగ్గర ఆరోగ్యవరంలో 1915లో మొదలైంది అలాంటిదే. 1956లో మద్రాసులో ఏర్పడిన పరిశోధన కేంద్రం 193 మంది రోగుల్లో కొందరికి శానటోరియంలో, కొందరికి ఇంటి దగ్గరే మందులిచ్చి చూసింది. ఇరుకు ఇళ్లలోనూ చికిత్స దాదాపు అంతే బాగా పనిచేసిందని 1959లో ప్రకటించింది. ఆ రోగులను ఐదేళ్ల పాటు గమనించారు కూడా. క్షయ వైద్యం ప్రపంచమంతటా ఇంటిబాట పట్టడానికి ఆ ఫలితం పెద్ద కారణం. అయితే దాంతోపాటే మన మీద కొత్త భారం పడింది. శానటోరియం గోడలు రోగిని లోకం కంటపడకుండా దాచేవి. ఇంటికి వచ్చిన నర్సు గడపలో నిలబడితే చాలు, గల్లీ మొత్తానికి తెలిసిపోతుంది.

భివండిలో గుట్టు కాపాడటం ఇంకా కష్టం. పగటి పాళీ వాళ్లు లేచిన చోటే రాత్రి పాళీ వాళ్లు వచ్చి పడుకునే గదులున్నాయి. పదిమంది ఒకే బిస్సీలో, అంటే ఉమ్మడి మెస్సులో, తింటారు. మన రిజిస్టరులో ఉన్న నంబరు చాలాసార్లు పనిలో పెట్టించే ముకాదందో, పక్క మంచం వాడిదో అయి ఉంటుంది. సొంత ఫోనే అనుకోండి, సాంచాలు నడిచే చోట మన మాట వినబడదు. అతను గట్టిగా అరిచి జవాబు చెప్పాలి. "టీబీ సెంటరా?" అని అతను అరిచిన ఆ ఒక్క మాటతో మంచం పోవచ్చు, బిస్సీలో పళ్లెం పోవచ్చు, పనే పోవచ్చు. మందు నయం చేసిన మనిషిని మన ఫోను రోడ్డున పడేస్తుంది. ఆ తర్వాత అతను మన ఛాయలకు రాడు. గుట్టు కాపాడకపోతే ఫాలోఅప్ కూడా మిగలదు. ఈ రెండింటికీ పోటీ పెట్టి మాట్లాడేవాళ్లతో నేను ఏకీభవించను.

గుట్టు కాపాడాలని హెచ్ఐవి విషయంలో చట్టమే ఉంది. 2017లో చేసిన ఆ చట్టం 2018 సెప్టెంబరులో అమల్లోకి వచ్చింది. ఒకరి హెచ్ఐవి స్థితిని వాళ్ల అనుమతి లేకుండా బయటపెట్టడం, చట్టం చెప్పిన కొద్ది సందర్భాల్లో తప్ప, నిషిద్ధం. మిగతా జబ్బులకూ అంతే జాగ్రత్త చూపండి.

చెడ్డ ఉద్దేశంతోనే తప్పు జరుగుతుందనుకోకండి. మనకు మమకారం ఎక్కువ. నెలలు నిండకుండా పుట్టిన పాప ఇప్పుడు ఎలా ఉందో అని మనసు లాగుతుంది. అలాగని పాత కేసు షీటు తెరవడం, ఫేస్‌బుక్‌లో ఆ తల్లిని వెతకడం మన పని కాదు. చికిత్సకు అవసరమైతేనే తెరవండి. పాత రోగులు బజార్లో ఎదురైతే ముందు వాళ్లను పలకరించనివ్వండి. చూడనట్టు వెళ్లిపోతే నొచ్చుకోకండి. 2022 నుంచి నిక్షయ్ మిత్రలనే దాతలు టీబీ రోగులకు పోషకాహారం అందిస్తున్నారు. చాలా మంచి పని. కానీ ఆ ఆహారపు సంచీ పట్టుకున్న రోగి ముఖం వాట్సాప్ గ్రూపుల్లో తిరగనక్కర్లేదు. దాత ఎంత పెద్దవాడైనా, "ఫోటో వద్దండీ" అని చెప్పే ధైర్యం నర్సుకు ఉండాలి.

డిశ్చార్జి రోజున నాలుగు నిమిషాలు కేటాయించండి. పక్కకు తీసుకెళ్లి, వాళ్లకొచ్చిన భాషలో అడగండి: అన్నా, ఈ ఫోను ఎవరిది? నీది ఏ పాళీ? వేరేవాళ్లు ఎత్తితే నేనెవరినని చెప్పాలి? ఇంటికి రావచ్చా, నువ్వే వస్తావా? ఊరికి పోతే ముందే చెప్పు, నీ మందులు అక్కడి సెంటరుకు మార్పిస్తాం. చెప్పింది చెప్పినట్టు రాసుకోండి. ఫోనే వద్దంటే అదీ రాసి, మన నంబరు అతని చేతిలో పెట్టండి, మళ్లీ ఏ తారీఖున రావాలో చెప్పి పంపండి.